గుండ్లకమ్మ ఒడ్డున అడిగిన ప్రశ్న



గత సంక్రాంతి సెలవుల్లో మా సంఘస్థులు పన్నెండు మందితో కలిసి మేము ఒంగోలు వెళ్లివచ్చాము. మాది పల్నాడులో వినుకొండ వైపున ఉన్న చిన్న పల్లె సంఘం. మా కుటుంబాలలో చాలావాటికి సువార్త ఒంగోలు మిషను నుండి వచ్చినదే. తాతలు, ముత్తాతలు ఏ ఏటి నీళ్లలో మునిగి లేచారో పిల్లలకు చూపించాలని యౌవనస్థులు ఎంతోకాలంగా అడుగుతున్నారు. మిరప కోతలు ముమ్మరం కాకముందే వెళ్లివద్దామని ఒక తుఫాను బండి మాట్లాడుకున్నాము. పులిహోర మూట, నీళ్ల డబ్బాలు, రెండు బైబిళ్లు, ఒక కంజర పెట్టుకుని రాత్రి రెండు గంటలకు ప్రార్థన చేసి బయలుదేరాము.

సంతమాగులూరు, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాము. ఒంగోలు చేరకముందే గుండ్లకమ్మ వంతెన వస్తుంది. మేము దాటేసరికి ఇంకా చీకటిగానే ఉంది. పిల్లలు అద్దాలకు ముఖాలు ఆనించి చూశారు గాని ఏరు కనబడలేదు. "తిరిగి వచ్చేటప్పుడు ఆగుదాము" అన్నాము.

కొండమీద

ఒంగోలులో మొదట చూడవలసినది ప్రార్థన కొండ. కొండ అంటే గొప్ప పర్వతమేమీ కాదు. పట్టణం పెరిగి చుట్టూ ఇళ్లు వచ్చాయి. అయినా తెల్లవారుజామున పైకి ఎక్కి నిలుచుంటే తూర్పున సముద్రం వైపు మైదానమంతా పరచుకుని కనబడుతుంది.

అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. పదిహేడేళ్లు గడిచినా చెప్పుకోదగిన ఫలం లేదు. 1853లో ఆ మిషను పెద్దలు అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో కూడినప్పుడు ఈ పనిని మూసివేద్దామా అన్న చర్చ వచ్చింది. పటంలో ఒంటరిగా ఉన్న చుక్క గనుక దీనికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది. ఎలాగో నిలిచింది. మరుసటి సంవత్సరం, అంటే 1854 జనవరి 1వ తేదీన, సూర్యోదయ వేళ, నెల్లూరులో పనిచేస్తున్న లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, జూలియా మొదలైన ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండ ఎక్కారు. అయిదుగురూ మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుని పంపమని దేవుని వేడుకొన్నారు.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఈ సంగతులు మేము చెబుతుండగా పిల్లలు వింటున్నారు. ఒక పాట పాడి, ప్రార్థన ముగించి కొండ దిగుతున్నాము. మా వెనకాలే వస్తున్న ఒక అక్క, వయసు నలభై దాటి ఉంటుంది, మెల్లగా అడిగింది.

"అయ్యగారూ, ఆ అయిదుగురి ప్రార్థన దేవుడు విన్నాడు గదా. మా ప్రార్థన ఎందుకు వినలేదు? నా విశ్వాసం చాలకనేనా?"

ఆ క్షణాన మాకు మాట రాలేదు. ఎందుకో చదువరులకు చెప్పాలి.

ఆమెన్ అన్న నోరు

ఆ అక్కకు ఒక్కడే కుమారుడు. పందొమ్మిదేళ్లవాడు. రెండు మూత్రపిండాలూ పాడైపోయి వారానికి రెండుసార్లు పట్నానికి డయాలసిస్‌కు వెళ్లేవాడు. తిరిగి తిరిగి ఆ తల్లి అలిసిపోయింది, అప్పులపాలైంది. ఆ దినాలలో ఒకచోట స్వస్థత కూటములు జరుగుతుంటే మేమే వారిని తీసుకొని వెళ్లాము. ఇక్కడ 'మేము' అంటే సంఘమంతా కాదు, ఈ మాటలు వ్రాస్తున్న సేవకుడే. వేదికమీద ఉన్న ప్రసంగికుడు పిల్లవాని తలమీద చేయి పెట్టి, నీకు స్వస్థత కలిగింది, ఇక సూది పోటు అక్కరలేదు, నమ్ముచున్నావా అని గట్టిగా అడిగాడు. పిల్లవాడు తల ఊపాడు. తల్లి ఏడ్చింది. పక్కన నిలుచున్న మేము ఆమెన్ అన్నాము.

వాళ్లు ఆ మాట నమ్మారు. రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లలేదు. మూడవ తడవ రాకముందే ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరి ఆడక పిల్లవాని రాత్రికి రాత్రి ఆసుపత్రికి చేర్చారు. అప్పటికి బ్రతికాడు గాని మునుపటివలె లేవలేదు. కొన్ని నెలలకు ప్రభువునందు నిద్రించాడు. సమాధి కార్యక్రమం రోజున ఎవరో, తల్లికి విశ్వాసం చాలలేదు, అందుకే అద్భుతం నిలవలేదు అన్నారు. ఆ మాట మా చెవిన పడింది. మేము ఖండించలేదు. ఖండిస్తే మేమన్న ఆమెన్ సంగతేమిటని జనం అడుగుతారని భయపడ్డాము.

అప్పటినుండి ఆ అక్క గుడికి వస్తున్నది. వెనక వరుసలో కూర్చుని వెళ్లిపోతున్నది. పిల్లవాని జ్ఞాపకార్థ కూడిక ఇంతవరకూ పెట్టలేదు. ఈ ప్రయాణానికి ఆమె పేరు ఇచ్చినప్పుడు మాకు ఆశ్చర్యమే కలిగింది.

కొండమీద ఆమె అడిగిన దానికి "సాయంత్రం మాట్లాడుకుందాము అక్కా" అని మాత్రమే అన్నాము.

కాలువ దగ్గర

ఊళ్లో జ్యూయెట్ పేరుతో ఉన్న బాప్టిస్టు దేవాలయం చూసి, ఫలహారం చేసి, కొత్తపట్నం దారి పట్టాము. పిల్లలకు సముద్రం చూడాలని ఆశ. మాకు ఆ దారిలోని బకింగ్‌హామ్ కాలువ చూపించాలని ఆశ.

1876లో వానలు తప్పాయి. ధాత, ఈశ్వర నామ సంవత్సరాలలో వచ్చినది గనుక పాతతరం వారు ధాత కరువు అన్నారు. 1878 వరకు దక్షిణ దేశమంతా మాడిపోయింది. చనిపోయినవారు యాభై లక్షలకు పైమాటే అని చరిత్రకారుల అంచనా. అప్పటి మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా ఈ కాలువ తవ్వించింది. గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు గనుక ఆ పేరు. ఉపాధి పనిని ఈనాటికీ మన పల్లెల్లో కరువు పని అనే అంటారు గదా, ఆ మాట వెనక ఎంత కథ ఉన్నదో చూడండి.

క్లౌ దొరగారు అమెరికాలో ఉండగా సర్వేయరు పని నేర్చినవారు. ఆయన ఈ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో ఉన్నవారు ఊళ్లకు ఊళ్లే తరలివచ్చారు. మాల మాదిగలకు వేరేచోట్ల పనిదగ్గర కూడా ఛీత్కారమే. ఇక్కడ మేస్త్రీలుగా నిలుచున్నది వారి కులంలోనుండే వచ్చిన బోధకులు. పగలు మట్టి కొలిచి కూలి ఇచ్చేవారు. సందెవేళ చెట్టుకింద కూర్చుని యేసుక్రీస్తును గూర్చి చెప్పేవారు.

మేము చూసినచోట కాలువ నీరు కదలక నిలిచి ఉన్నది. గట్లమీద సర్కారు తుమ్మ కమ్ముకున్నది. మా సంఘంలోని ఒక పెద్దామె గట్టు ఎత్తు చూసి, "ఇంత మన్ను తట్టలతో ఎత్తారా! అదీ కడుపులో కూడు లేకుండా!" అన్నది. తట్ట మోసినవారికే ఆ బరువు తెలుస్తుంది.

అక్కడ నిలబడి పిల్లలకు ఒక సంగతి చెప్పాము. కరువు నడుమ వేలమంది వచ్చి బాప్తిస్మమిమ్మని అడిగారు. క్లౌ దొరగారు ఇవ్వలేదు. ఒక వారం కాదు, ఒక నెల కాదు, దాదాపు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపి ఉంచారు. గంజికోసం వచ్చారన్న మాట వారిమీద పడకూడదని, వారు కూడా గంజినీ క్రీస్తునూ ఒకటిగా అనుకోకూడదని ఆయన భయం.

మా యౌవనస్థులలో ఒకడు అడిగాడు. "మనమైతే ఆరోజే కూటం పెట్టి లెక్క ప్రకటించేవాళ్లం గదా అయ్యగారూ?" అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ప్రభువు కూడా ఇలాగే చేశాడు. అయిదు రొట్టెలతో అయిదువేలమందిని తృప్తిపరచిన తరువాత జనులు ఆయనను రాజుగా చేయ జూస్తే ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు. మర్నాడు వెతుక్కుంటూ వచ్చినవారితో, మీరు సూచనను చూసి రాలేదు, కడుపు నిండినందుకు వచ్చారు అన్న భావంతోనే మాట్లాడాడు.

ఆ 'సూచన' అనే మాటను గమనించండి. యోహాను సువార్తలో ప్రభువు చేసిన అద్భుతాలకు మన తెలుగు బైబిలులో సూచకక్రియలు అని ఉన్నది. సూచన అంటే ఒకదానిని చూపించేది. మేము వచ్చిన రోడ్డు పక్కన 'ఒంగోలు 20 కి.మీ.' అని బోర్డు ఉన్నది. దానిని చూసి సంతోషించాము. కాని అక్కడ బండి దిగి, ఒంగోలు వచ్చేశామని ఎవరమూ అనలేదు. బోర్డు లేని రోడ్డులో వెళ్లేవాడు కూడా రోడ్డు తప్పకపోతే ఒంగోలు చేరతాడు. అద్భుతం ప్రభువును చూపే బోర్డు. మనమేమో బోర్డుల దగ్గరే గుడారాలు వేస్తున్నాము. బోర్డు కనబడనివారిని దారి తప్పినవారంటున్నాము.

ఏటి ఒడ్డున

మధ్యాహ్నం పొద్దు వాలాక తిరుగు ప్రయాణమయ్యాము. ఒంగోలుకు ఉత్తరాన పదిమైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉన్నది. బండి ఆపి ఏటిలోకి దిగాము. ఇసుక, రాళ్లు, మధ్యలో నీరు. పొద్దున చీకటిలో కనబడని ఏరు ఇదేనని పిల్లలు పరుగెత్తారు.

1878 జూన్ నెలలో క్లౌ దొరగారు తన బోధకులను ఇక్కడికి రమ్మని కబురు పంపారు. బోధకులతోపాటు వేలమంది వచ్చేశారు. కరువు సాయం ఇక అయిపోయింది, ఇచ్చేందుకు డబ్బు లేదు, తిరిగి వెళ్లండి అని ఆయన చెప్పారు. తమకు సాయం అక్కరలేదని, కాయకష్టం చేసే బ్రతికామని, ఇకమీదట ఆకలితో చనిపోవలసివస్తే క్రైస్తవులుగానే చనిపోతామని వారు జవాబిచ్చినట్టు వ్రాసి ఉన్నది. అప్పుడు ఒప్పుకున్నారు. ఒక్కొక్కరినీ విచారించి, పేర్లు వ్రాసుకుని, జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి, వెరసి 3,536 మందికి ఈ నీళ్లలో బాప్తిస్మమిచ్చారు. ఇచ్చినది దొరగారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ ఇచ్చారు. ఆ సంవత్సరం చివరకు బాప్తిస్మం పొందినవారు 9,606 మంది.

ప్రసంగాలలో మేము ఈ 2,222 సంఖ్యను ఎన్నిసార్లు చెప్పామో! పెంతెకొస్తు దినపు మూడువేలతో పోల్చి చెప్పేవాళ్లం. ఆ ఒడ్డున నిలుచుంటే మాత్రం మాకు గుర్తుకు వచ్చినది మరొక సంగతి. ఒంగోలు పని మొదటి దినాలలో పై కులాలవారి పిల్లలు దొరగారి బడికి వచ్చేవారు. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ సోదరుడు యర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మం పొందాక ఆయన వెంట మరికొందరు రాసాగారు. వీళ్లను చేర్చుకుంటే మేము రాము అని పై కులాలవారు అన్నారు. ఆ రోజున దొరగారు ఒక గదిలోను, ఆయన భార్య మరొక గదిలోను, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం వచ్చిందని మిషను చరిత్రలో చెబుతారు. లోకం ఎన్నికలేనివారని తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనన్న భాగమది.

రెండు బైబిళ్లు ఒకేచోట తెరుచుకోవడం అద్భుతమే కావచ్చు. కాని అది అక్కడితో ఆగిపోతే వింతగానే మిగిలేది. వారు ఆ మాటకు లోబడ్డారు. బడి ఖాళీ అయినా పేరయ్యగారిని, ఆయన జనాన్ని వదలలేదు. ఊరి బావిలో చేద వేయనివ్వని మనిషికి పేరు పెట్టి పిలిచి, ఆ పేరు సంఘపు పుస్తకంలో వ్రాసి, అతని చేతనే బాప్తిస్మమిప్పించిన దేవుని కార్యం అందులో ఉన్నది. ఈ ఏటి ఒడ్డున మనం చూడవలసినది అదే.

ఆ అక్క నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుని ఇదంతా వింటున్నది. అందరి ముందే అడిగింది.

"అయ్యగారూ, ఆ కరువులో చచ్చిపోయిన అంతమందిలో ప్రార్థన చేసుకున్నవాళ్లు లేరా?"

"ఉన్నారు అక్కా" అన్నాము. "కాలువ పనిదగ్గర కలరా కూడా వచ్చింది. నమ్మినవారు కూడా పోయారు."

"వాళ్లకు విశ్వాసం చాలలేదంటారా?"

"అలా అనడానికి ఎవరికీ నోరు లేదు అక్కా."

ఇక దాచలేకపోయాము. ఆరోజు వేదికదగ్గర మేము ఆమెన్ అనకూడదని, డాక్టరు చెప్పిన తడవ తప్పించవద్దని గట్టిగా చెప్పవలసిన కాపరిమి మేమేనని, సమాధి దగ్గర ఆ మాట విని నోరు మూసుకున్నది కూడా మేమేనని, సంఘస్థుల ఎదుట ఒప్పుకున్నాము. "నీ విశ్వాసం తక్కువై కాదు అక్కా. మా తెలివి తక్కువై, ధైర్యం తక్కువై అలా జరిగింది. మమ్మును క్షమించు" అన్నాము.

లేఖనాలు మా తప్పును ఎప్పుడో చెప్పాయి, మేమే వినలేదు. పౌలు చేతులమీదుగా ఎందరో స్వస్థపడ్డారు గాని తన శరీరంలోని ముల్లు తొలగలేదు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచిపెట్టి వెళ్లాడు. కడుపు జబ్బుగల తిమోతికి నీకు విశ్వాసం చాలదని వ్రాయలేదు, పుచ్చుకోవలసినది ఏమిటో వ్రాశాడు. హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయంలో ఒకే విశ్వాసంచేత కొందరు ఖడ్గాన్ని తప్పించుకున్నారు, కొందరు ఖడ్గంచేత చంపబడ్డారు. ఇద్దరినీ దేవుడు ఒకే వరుసలో నిలబెట్టాడు. సమాధిలోనుండి లేచిన లాజరు కూడా తరువాత ఒక దినాన మళ్లీ చనిపోయే ఉంటాడు. ఆ అద్భుతం లాజరుకు కొన్ని సంవత్సరాలు కలిపి ఇవ్వడానికే కాదు, పునరుత్థానమును జీవమును ఎవరో చూపించడానికి.

కాబట్టి అద్భుతాలు లేవని మేము అనడం లేదు. రోగులకోసం ప్రార్థించడం మానలేదు, మానము. ప్రభువు బాగుచేసినవారిని మా కళ్లారా చూశాము. కాని స్వస్థత విశ్వాసానికి కూలి కాదు. స్వస్థత లేకపోవడం అవిశ్వాసానికి శిక్ష కాదు.

ఆ అక్క చాలాసేపు ఏమీ అనలేదు. పిల్లలు ఏటి రాళ్లు ఏరుకుంటున్నారు. చివరకు లేచి చీర అంచు పిండుకుంటూ అన్నది.

"ఆ మాట ఆ రోజే అని ఉంటే బాగుండేది అయ్యగారూ."

"అవునక్కా" అన్నాము. అంతకంటే ఏమనగలము?

బండి ఎక్కబోతూ మళ్లీ ఆగింది. "వచ్చే నెలలో వాడి జ్ఞాపకార్థ కూడిక పెడతాను. వాక్యం మీరే చెప్పండి. వాడికి నమ్మకం లేదని మాత్రం ఎవరినీ అననివ్వకండి. వాడు చివరిదాకా ప్రార్థన చేసుకున్నాడు."

ప్రియ చదువరులారా, ఆ కూడిక జరిగింది. ఇల్లు నిండా జనం వచ్చారు. ఆ పిల్లవాడు చివరిదాకా ప్రార్థించాడన్న మాటే మేము మొదట చెప్పాము.

మా సంఘంలో ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్నాము. ఎవరైనా రోగికోసం ప్రార్థించమని వస్తే, ముందుగా మాత్రలు వేసుకున్నారా, డాక్టరు రమ్మన్న తేదీ ఎప్పుడు, ఛార్జీలకు డబ్బున్నదా అని అడుగుతున్నాము. లేకపోతే కానుకల పెట్టెలోనుండి ఇస్తున్నాము. ఆ తరువాత మోకరిస్తున్నాము. కాలువ తవ్వించిన ప్రార్థన అలాంటిదే గదా.

మీ పల్లెలో కూడా అద్భుతంకోసం ఎదురుచూసి, అది రాక, వెనక వరుసలో మౌనంగా కూర్చున్నవారు ఉండవచ్చు. వారి విశ్వాసాన్ని తూకం వేయవద్దు. వెళ్లి పక్కన కూర్చోండి. స్వస్థపరచినను, స్వస్థపరచకపోయినను మనలను విడువని ప్రభువు మీ కుటుంబాలకు తోడైయుండును గాక. ఆమెన్.